‘రేపు చూద్దాం’ అను తెగులు

మన గ్రామములలోని చిల్లర దుకాణముల గోడలపై ‘అప్పు రేపు’ అని వ్రాసియుండుట మీరందరును చూచియే యుందురు. ఆ అక్షరములు ఎన్నడును మారవు. ఈ దినము వెళ్ళినను అప్పు రేపే, రేపు వెళ్ళినను అప్పు రేపే. దుకాణదారుడు ‘ఇవ్వను’ అని ముఖము మీద అనలేక, ఎవరి మనస్సును నొప్పింపక, ఆ రెండు మాటలతో పని గడుపుకొనుచున్నాడు. అది అతని తెలివి.

కాని అటువంటి పలకనే మనము మన పొలము గట్టు మీద పాతుకొనుచున్నాము. ‘భూసార పరీక్ష రేపు’, ‘విత్తనశుద్ధి వచ్చే ఏడు’, ‘ఎలుకల మందు అందరూ పెట్టినప్పుడు’ అని దానిపై వ్రాసికొనుచున్నాము. ఈ పనులు మంచివి కావని ఏ రైతూ అనడు. సభలో చెప్పినపుడు తల ఊపును, ‘తప్పక చేస్తామండీ’ అనును. ఆ మాట అబద్ధము కాదు. అయినను పని జరుగదు. దుకాణదారునికి తాను కాదనుచున్న సంగతి తెలియును. మనకు తెలియదు. తేడా అంతే.

ఈ వ్యాసములో క్రొత్త వంగడమును గూర్చి గాని, క్రొత్త ఎరువును గూర్చి గాని చెప్పబోవుట లేదు. మనకు తెలిసియుండియు, చేయదలచియు, చేయక విడిచిన పనులను గూర్చి రెండు మాటలు చెప్పదలచితిని.

ఇది సోమరితనము కాదు

రైతు సోమరి గనుక పనులు వాయిదా వేయునని దూరమున కూర్చున్నవారు అనుకొనవచ్చును. కోడి కూయకముందు లేచి, పశువులకు మేత వేసి, పాలు పితికి, చేనికి నీరు కట్టి, ఎండలో వంగి పనిచేయు మనిషిని సోమరి యనుట అన్యాయము. అసలు వాయిదా వేయుచున్నట్లు అతనికే తెలియకపోవుటకు కారణము గూడ ఇదియే. ఉదయము నుండి సాయంకాలము వరకు ఏదో ఒక పని చేయుచునే యున్నాడు గదా! ‘తీరిక ఎక్కడిది?’ అను మాట అతని నోట నిజముగనే వచ్చును.

అయితే ఏ పనులు ఆగుచున్నవో ఒకసారి గమనింపుడు. పాలు పితుకుట ఎన్నడును ఆగదు. ఆగినచో గేదె అరచును. నీరు కట్టుట ఆగదు. ఆగినచో మడి నెఱ్ఱెలు విచ్చును. కూలి డబ్బు ఆగదు. ఆగినచో మనుష్యులు వాకిటికి వత్తురు. ఆగునవి నోరులేని పనులు. మట్టి తనను పరీక్ష చేయించుమని అరవదు. సంచిలోని విత్తనము తనకు మందు పట్టింపుమని అడుగదు. గట్టులోని ఎలుక తాను పిల్లలను పెట్టిన సంగతి మనకు కబురు చేయదు. అరచు పని ముందునకు వచ్చును, అరవని పని వెనుకకు పోవును. పంటలో సగము లాభనష్టములు ఈ అరవని పనులలోనే యున్నవి.

మరియొక రకము పనులు గలవు. అవి చేసినచో చేదువార్త తెలియునని మనము భయపడుదుము. వరి దుబ్బు మొదలు విప్పి చూచినచో దోమ కనబడును; కనబడినచో మందుకు డబ్బు వెదకవలెను. అందుచేత గట్టు మీద నుండి చూచి, ‘పైరు పచ్చగానే ఉంది’ అని తృప్తిపడి ఇంటికి వత్తుము. సంఘములో అప్పు లెక్క చూచుకొనుటయు ఇట్టిదే. పంట ఋణమును గడువులోగా చెల్లించినవారికి వడ్డీలో 3 శాతము తగ్గింపు కలదు. గడువు దాటినచో అది పోవును. ఈ సంగతి తెలిసియు, ఎంత తేలునో అను బెరుకుతో ఆ గడప త్రొక్కనివారు మన ఊళ్ళలో లేరా? చూడనంత మాత్రమున దోమ పోదు, అప్పు తరుగదు.

ఒక వారము ఎంత దూరము పోవును?

‘ఒక వారము ఆలస్యమైనచో కొంప మునుగునా?’ అని అడుగుదురు. డెల్టాలోని సార్వా వరినే తీసికొని లెక్క వేయుదము.

తొలకరి చినుకులకు జీలుగనో జనుమునో చల్లి, పూతకు వచ్చువేళ కలియదున్నినచో భూమికి పచ్చిరొట్ట దక్కును. దానికి సుమారు 45 రోజుల కాలము కావలెను. ‘విత్తనము రేపు తెచ్చుకొందము’ అని జూన్ నెల గడిపినచో నాట్లు మీదికి వచ్చును. ఇక ఆ యేటికి పచ్చిరొట్ట మాట లేదు. ఇందులో ఆలస్యమనునది లేదు, పని పోయినట్లే.

నారుమడికి విత్తనము నానవేయునాడు లీటరు నీటికి 1 గ్రాము కార్బెండజిమ్ కలిపి, కిలో విత్తనమునకు లీటరు నీటి చొప్పున 24 గంటలు నానబెట్టి, తరువాత మండె కట్టవలెనని ప్రతి రైతునకును తెలియును. కాని ఆ పొట్లము ముందుగా తెచ్చి ఇంట నుంచుకొన్నవారు ఎందరు? నానవేయువేళకు పొట్లము లేదు, దుకాణము దూరము. ‘ఈసారికి కానీ’ యని వట్టి నీళ్ళలో నానవేయుదురు. చల్లిన విత్తనమును మరల ఏరి శుద్ధి చేయుట ఎవరి తరము?

ఇక నాట్లు. స్వర్ణ, సాంబ మషూరి వంటి సుమారు 150 రోజుల రకములకు 25 నుండి 30 రోజుల వయస్సుగల నారు నాటవలెను. గట్లు వేయుట, దమ్ము, చదును — ఈ మూడును నారు ఎదుగుచుండగనే ముగియవలసిన పనులు. వానిని నారు అందివచ్చిన తరువాత మొదలుపెట్టినచో నారు ముదిరి 40 రోజులు దాటును. ముదురు నారు పిలకలు వేయవలసిన కాలమును నారుమడిలోనే గడిపి వచ్చినది. దానిని చేనిలో ఎంత మేపినను పిలకల సంఖ్య తగ్గును. కుదురుకు ఎక్కువ మొక్కలు పెట్టి సరిపెట్టుకొనవలసి వచ్చును.

నాటు వెనుకబడినచో కోత వెనుకబడును. 2023 డిసెంబరు 5వ తేదీన మిచాంగ్ తుఫాను బాపట్ల సమీపమున తీరము దాటినపుడు కోయని చేలు, కోసిన పనలు, కళ్ళములలోని ధాన్యము ఎట్లు తడిసినవో మరచిపోయితిమా? తుఫాను మన చేతిలో లేదు. 2025లో మొంథా తుఫాను అక్టోబరు 28నే వచ్చినది. ముందుగా నాటినవారిని గూడ అది విడువలేదు. కావున ముందు నాటినచో ఆపద తప్పునని నేను హామీ ఈయజాలను. కాని చేను చేనిలో నుండు ప్రతి అదనపు దినమును ఆపదకు ఎదురుగా నిలిచిన దినమే.

అంతటితో అయినదా? లేదు. వరి మాగాణిలో మినుమును కోతకు రెండు మూడు దినముల ముందు చల్లి, భూమిలో మిగిలిన తేమతోనే పండించుకొందుము. కోత జరిగినచో మినుము జరుగును. తేమ తగ్గిన నేలలో మొలక పలుచబడును. పూత పిందె వేళకు ఎండలు తగులును. జూన్‌లో గట్టు వేయుటకు వెనుదీసిన ఒక వారము ఫిబ్రవరిలో మినుము కళ్ళములో వచ్చి కూర్చుండును. చక్రవడ్డీ అప్పునకే కాదు, ఆలస్యమునకును కలదు.

ఎదురుచూపు వేరు, వాయిదా వేరు

ఇచ్చట ఒక సంగతి స్పష్టపరుపవలెను. ఆగుట ఎల్లప్పుడును తప్పు కాదు. ‘ఆలస్యం అమృతం విషం’ అన్న పెద్దలే ‘నిదానమే ప్రధానం’ అనియు అన్నారు. సేద్యములో ఓర్పు సగము పని.

అనంతపురము మెట్టలో వేరుశనగ రైతు నాలుగు చినుకులు పడగానే విత్తక, నేల బాగుగ తడియు వాన కొరకు కూర్చున్నచో అతడు వాయిదా వేయుచున్నట్లు కాదు, విత్తనమును కాపాడుకొనుచున్నాడు. చేలో నాలుగు దోమలు కనబడగానే మందు కొట్టవద్దని మేమే చెప్పుచున్నాము. పిలక దశలో దుబ్బుకు 10 నుండి 15 దోమలు, తరువాతి దశలో 20 నుండి 25 కనబడిన తరువాతనే మందు మాట. ప్రత్తిలో గులాబీరంగు పురుగునకు లింగాకర్షక బుట్టలో వరుసగా మూడు రాత్రులు 8 చొప్పున రెక్కల పురుగులు పడువరకు ఆగుమని చెప్పుచున్నాము. ఇదంతయు ఆగుటయే, కాని దీనికి కొలత కలదు.

కావున ఒక చిన్న ప్రశ్నతో ఈ రెంటిని వేరు చేయవచ్చును: ‘దేని కొరకు ఆగితిని?’ జవాబునకు పేరు, కొలత ఉన్నచో అది ఎదురుచూపు. ‘కాలువకు నీరు వదలవలెను’, ‘నేల రెండు సాళ్ళ లోతు తడియవలెను’, ‘దుబ్బుకు పది దోమలు కనబడవలెను’ — ఇవి జవాబులు. ‘వీలు చూసుకొని’ అను జవాబు వచ్చినచో అది వాయిదా. వీలు అనునది వాన వలె ఆకాశము నుండి పడదు. అది తనంత తాను వచ్చి తలుపు తట్టుట నేను చూడలేదు.

నా సోమవారము

ఇంతవరకు రైతులకు చెప్పితిని. ఇప్పుడు నా సంగతి చెప్పకపోయినచో ఈ వ్యాసము వ్రాయుటకు నాకు అర్హత లేదు.

రెండేండ్ల క్రిందట అక్టోబరు నెలలో అరువది యేండ్లు దాటిన ఒక రైతు మా కార్యాలయమునకు వచ్చెను. చేతిలో చిన్న గాజు సీసా. అందులో నాలుగైదు సుడిదోమలు. ‘ఒకసారి వచ్చి చేను చూడండి సార్, కింద కుదుళ్ళలో కనబడతన్నాయి’ అనెను. ఆనాడు పైకి పంపవలసిన నివేదికలు నా ముందు గుట్టగా నున్నవి. ‘సోమవారం తప్పకుండా వస్తాను బాబాయిగారూ’ అంటిని. సోమవారము సమావేశము వచ్చినది. మంగళవారము మరియొక ఊరు. నేను ఆ చేనికి వెళ్ళునప్పటికి గురువారమైనది.

చేను నడుమ చాపలు పరచినట్లు గుండ్రముగా ఎండిన మచ్చలు. లోపలికి దిగి చూతమన్నచో కాలు పెట్టుటకు దారి లేదు. ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల వెడల్పున తూర్పు పడమరలుగా కాలిబాటలు విడువుమని ఆ ఊరి సభలో నేనే చెప్పియుంటిని. బాటలున్నచో గాలి వెలుతురు సోకి దోమ ఉధృతి తగ్గును. మందు కొట్టవలసి వచ్చినను మనిషి లోపలికి నడచి దుబ్బుల మొదళ్ళు తడుపగలడు. ఇది నాటునాడు మాత్రమే సులువుగా జరుగు పని. ఆనాడు తాడు పట్టించి బాట విడిచినచో ఖర్చు లేదు. ఎదిగిన చేలో పాయలు తీయుట ఎంత యాతనయో తీసినవారికి తెలియును. ఆ దినము మేమిద్దరము కూలివారితో పాయలు తీయించి, నీరు తీసివేయించి, మొదళ్ళకు మందు కొట్టించితిమి. మిగిలినది మిగిలెను, పోయినది పోయెను.

గట్టు మీద కూర్చుండి ఆయన కోపపడలేదు. కోపపడినచో నాకు కొంత తేలికగా నుండెడిది. ‘బాటలు వదలమని మీరు చెప్పారు, వచ్చే ఏడు చూద్దాంలే అనుకున్నాను. చేను చూడమని నేను చెప్పాను, సోమవారం చూద్దామని మీరు అనుకున్నారు. ఇద్దరం ఒక్క మాటే అనుకున్నాం కదండీ’ అనెను.

ఆ రాత్రి నేను ఆలోచించుకొంటిని. ఆయన సీసా పట్టుకొని నిలుచున్నపుడు నేను చేను చూచుటకు వెళ్ళలేకపోవుట నిజము. కాని ‘ఈ సాయంకాలమే మడిలో నీరు తీసివేయండి, యూరియా వేయకండి, నాలుగు చోట్ల దుబ్బులు తట్టి ఎన్ని దోమలున్నవో లెక్కించి నాకు ఫోను చేయండి’ అని చెప్పుటకు ఒక్క నిమిషము చాలును. పని మొత్తము చేయుటకు వీలు లేదని, చేయగల మొదటి ముక్కను గూడ సోమవారమునకు నెట్టితిని. నేను వాయిదా వేసినది మూడు గంటల ప్రయాణమును కాదు, ఒక నిమిషపు మాటను. పెద్ద పనుల నన్నిటిని మనము ఇట్లే పోగొట్టుకొనుచున్నాము.

ఒకరి వాయిదా, మరియొకరి నష్టము

ప్రతి ఆలస్యమునకును రైతును నిందించుట తగదు. డబ్బు లేక ఆగినవాడు, కూలివారు దొరకక ఆగినవాడు, కాలువ నీరు రాక ఆగినవాడు వాయిదా వేసినవాడు కాడు. అన్నిటికంటె ముఖ్యముగా కౌలురైతు మాట. ఆషాఢము వచ్చినను ‘ఈ ఏడు చేను నీకే’ అని భూయజమాని తేల్చి చెప్పనిచో అతడు పచ్చిరొట్ట ఎట్లు చల్లును? ఎవరి మట్టిని పరీక్షకు పంపును? వచ్చే ఏడు తనది కాని నేలకు ఏ ధైర్యముతో పెంట తోలును? మనము అతనిని చూచి ‘అదను తప్పించెను’ అందుము. అదను తప్పించినది అతడు కాదు. భూములను కౌలుకిచ్చు పాఠకులు ఈ పత్రికకు అనేకులు గలరు. వారిని చేతులు జోడించి కోరునది ఒక్కటే: కౌలు మాట ఉగాది నాటికి తేల్చుడు, కాగితము మీద పెట్టుడు. అది మీకు ఒక పూట పని. అతనికి అది ఒక పంట.

అట్లే మన కార్యాలయముల సంగతి. గ్రామాధికారులారా, మన బల్ల మీద నున్న కాగితము మనకు ఒక కాగితము. రైతుకు అది ఒక కార్తె. పంట నమోదు, ధ్రువపత్రము, విత్తనముల కోరికపట్టీ — ఏది ఒక వారము నిలిచినను ఆ వారము పొలములో కనబడును. ప్రధానమంత్రి ఫసల్ బీమా పథకములో వడగండ్లు, ముంపు వంటి స్థానిక నష్టమును 72 గంటలలోగా తెలియజేయవలెనను నియమము కలదు. ఆ మూడు దినములలో ఒక దినము రైతు దిగులుతో కూర్చుండును. రెండవ దినము ఎవరిని అడుగవలెనో తెలియక తిరుగును. మిగిలిన ఒక్క దినమున మనము ‘రేపు రా’ అన్నచో ఏమగునో వేరుగ చెప్పనక్కరలేదు. విత్తనములు, ఎరువులు కార్తె దాటిన తరువాత అందించి రైతుకు సకాల సేద్యమును బోధించుట మా శాఖకు గూడ శోభ కాదు.

మనస్సును నమ్ముకొనక, తేదీని నమ్ముకొనుడు

మరి ఈ తెగులునకు మందు ఏది? ‘పట్టుదల పెంచుకొనుడు’ అని చెప్పుట సులభము. పట్టుదల ఉదయము ఉండును, మధ్యాహ్నము ఎండకు వాడిపోవును. మన పూర్వులు ఈ సంగతి ఎరిగియే పట్టుదలను నమ్ముకొనలేదు, తేదీని నమ్ముకొనిరి. ఏరువాక పున్నమిని చూడుడు. జ్యేష్ఠ పౌర్ణమి నాడు ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, ఊరంతయు ఒక్కసారిగా నాగళ్ళు కట్టుట. ఆనాడు ‘నేను రేపు కడతాను’ అనుటకు ఎవనికిని నోరు రాదు, నలుగురు నవ్వుదురు. తేదీ ఒకటి, తోడు ఒకటి — ఈ రెండును ఆ పండుగలో నున్నవి. కార్తెల లెక్కయు అటువంటిదే. ‘రోహిణిలో దుక్కి, మృగశిరలో విత్తు’ అన్నప్పుడు ప్రతి పనికి ఒక గడువు, ఒక పేరు పెట్టినట్లయినది.

తరువాతి కాలమున ప్రభుత్వమును ఈ మార్గమునే నడచినది. 1960-61లో దేశమున మొదట ఎన్నుకొన్న ఏడు జిల్లాలలో ఒకటిగా పశ్చిమ గోదావరిలో ప్యాకేజీ కార్యక్రమము ఆరంభమైనపుడు, రైతుతో కూర్చుండి అతని పొలమునకు వ్యవసాయ ప్రణాళికను కాగితము మీద వ్రాయుట అందులో ఒక ముఖ్యాంశము. 1970ల దశకమున వచ్చిన శిక్షణ-సందర్శన విధానములో గ్రామ విస్తరణ కార్యకర్త పక్షమునకొకసారి నిర్ణయించిన దినముననే ఊరికి రావలెను. ఆ విధానములలో లోపములు లేకపోలేదు. కాని ‘ఫలానా దినము’ అను ఏర్పాటు మంచిది. అది పోయిన చోట ‘వీలునుబట్టి’ వచ్చి కూర్చున్నది.

ఇక పరదేశపు ముచ్చట ఒకటి. ఎస్తేర్ డుఫ్లో, మైకేల్ క్రెమర్, జొనాథన్ రాబిన్సన్ అను ఆర్థికవేత్తలు కెన్యా దేశపు పడమటి ప్రాంతమున మొక్కజొన్న రైతులను పరిశీలించి, 2011లో తమ ఫలితములను ప్రకటించిరి. అచ్చటి రైతులు ఎరువు వేయదలచుకొన్నవారే. దాని లాభము తెలిసినవారే. కాని కోతల వేళ చేతిలో డబ్బున్నపుడు కొనరు. వేయవలసిన వేళకు డబ్బుండదు. అందుచేత కోత అయిన వెంటనే వారి ఇంటికి వెళ్ళి, ‘ఇప్పుడు డబ్బు చెల్లించినచో ఎరువును ఇంటికే ఉచితముగ చేర్చుదుము’ అని చెప్పించిరి. ఈ చిన్న ఏర్పాటు వలన ఎరువు కొన్నవారి సంఖ్య, తరువాత సగము ధరకే ఎరువు ఇచ్చినచో ఎంత పెరుగునో ఇంచుమించు అంత పెరిగినది. డుఫ్లో, క్రెమర్ లకు 2019లో ఆర్థికశాస్త్రమున నోబెల్ బహుమానము వచ్చినవారిలో స్థానము దక్కినది. మన రైతులకు ఇందులోని నీతి బోధపడుట కష్టము కాదు. ధాన్యము డబ్బు చేతికి వచ్చిన వారములోనే వచ్చే పంటకు కావలసిన పచ్చిరొట్ట విత్తనము, విత్తనశుద్ధి మందు, జింకు సల్ఫేటు వంటివానికి డబ్బు కట్టి పక్కన పెట్టుడు. నాలుగు నెలల తరువాత ఆ డబ్బు పెండ్లికో, బడి ఫీజుకో పోవును.

నేను చెప్పదలచిన పద్ధతి నాలుగే మాటలు.

మొదటిది, పనికి తేదీ వ్రాయుడు. మీ ఇంట గోడకు వ్రేలాడు క్యాలెండరుపై ఆడవారు పాల లెక్క వ్రాయుచుందురు. ఏ నెలలోనైనను ఆ లెక్క తప్పినదా? అదే గడిలో ‘మట్టి తీయుట’, ‘గట్లు’, ‘ఎలుకలు’ అని వ్రాయుడు. ‘మే నెలలో’ అనక, ‘మే 12, మంగళవారము’ అన్నట్లు దినము పేరుతో వ్రాయుడు.

రెండవది, పనిని ముక్కలు చేసి మొదటి ముక్కను ఈ రాత్రికే చేయుడు. ‘భూసార పరీక్ష’ అన్నచో పెద్ద మాటగ తోచును. నిజమునకు అది పలుగు, బకెట్టు, సంచి. ఎకరములో ఎనిమిది పది చోట్ల ‘వి’ ఆకారముగ 15 సెంటీమీటర్ల గుంట తీసి, అంచు వెంట మట్టి గీసి, కలిపి నాలుగు భాగములు చేసి, ఎదురెదురు భాగములు తీసివేయుచు అరకిలోకు తెచ్చుట. ఉదయము టిఫిను వేళకు ముగియును. ఈ రాత్రి పలుగును, సంచిని పశువులపాక గుమ్మము దగ్గర పెట్టి పడుకొనుడు. ఉదయము పాలు పితుక వెళ్ళునపుడు అవి మీ కాలికి తగులును. అప్పుడు ఆ పనికి గూడ నోరు వచ్చినట్లే.

మూడవది, తోడు చూచుకొనుడు. నాట్లకు, కోతలకు బదులు పనులు చేసికొను ఊళ్ళలో అరవని పనులకు గూడ బదులు పెట్టుకొనవచ్చును. ఎలుకల నిర్మూలన ఒక్కడు చేసిన పని కాదు. ఒకని చేలో మందు పెట్టినచో మిగిలిన ఎలుకలు పొరుగు చేలనుండి వచ్చును. నారుమడుల కాలముననే, వరి పొట్టకు రాకముందే, ఆయకట్టు మొత్తము ఒక్క దినమున పెట్టవలెను. ఆ దినమును గ్రామసభలో నిర్ణయించి చాటింపు వేయించుడు. అది మీ ఊరికి రెండవ ఏరువాక యగును.

నాల్గవది, ఆగినపుడు దేని కొరకు ఆగితిరో ఇంటివారితో పైకి చెప్పుడు. ‘నీరు వదలిన మూడవ నాడు దమ్ము’ అని భార్యతో గాని, కొడుకుతో గాని అన్నచో వారే గుర్తు చేయుదురు. ‘చూద్దాంలే’ అన్నచో వారికిని అడుగుటకు ఏమియు మిగులదు.

రైతు సోదరులారా! ఈ సంచికను మూసి పక్కన పెట్టునపుడు ‘బాగుగ వ్రాసినాడు, ఒకనాడు చేయుదము’ అని మీకు తోచవచ్చును. అట్లు తోచినచో ఆ తెగులు తగిలినట్లే. మెచ్చుకొనుట మాని, లేచి ఒక్క పనికి తేదీ వ్రాయుడు. అన్ని పనులకు అక్కరలేదు, ఒక్కటి చాలును.

నా మట్టుకు నేను ఒకటి వ్రాసికొంటిని. ఆ పెద్దాయన ఈ సార్వాకు నాట్లు వేయు దినమును అడిగి నా డైరీలో గుర్తు పెట్టుకొంటిని. ఆనాడు ఉదయము తాడు ఒక కొన ఆయన, ఒక కొన నేను పట్టుకొని బాటలు తీయవలెనని మాట అనుకొన్నాము. ఆ దినము సమావేశము ఉన్నను సరే, ముందు ఆ చేనికే పోవుదును.